సున్నం తాకని పక్షితల్లి

చిప్పలగుట్ట పక్షితల్లి గుడికి వచ్చిన భక్తులు మొదట అడిగే మాట, ఇంత మహిమ గల తల్లి గుడి గోడలకు సున్నమైనా వేయించరా అని. వేయించరు. ఇక్కడి తాంబూలంలో ఆకూ వక్కే తప్ప సున్నం ఉండదు. గర్భగుడిలో చెక్కిన విగ్రహమూ లేదు. ఎడ్లబండి అంత పక్షి నేలలోనే, రాతిలో రాయై, గుడ్లు పొదుగుతూ ఉంటుంది. ఆ వైనం చిత్తగించండి.

పూర్వం ఇక్కడ కొంరవ్వ అనే ఆమె సున్నం కాల్చి బతికేది. మొగుడు పోయిన మనిషి, ఉన్నదల్లా ఒక్క బట్టీ. ఊరి దొర కోటలాంటి కొత్త గడి కట్టిస్తూ, మృగశిరలోగా గోడలన్నిటికీ సున్నం అందకపోతే బట్టీ కూలగొట్టించి ఊరు దాటిస్తానన్నాడు. అన్నంత పనీ చేసే మనిషి ఆయన.

తీరా చివరి బట్టీకి రాయి చాలలేదు. కొంరవ్వ గుట్ట వాలున తవ్వితే తెల్లరాయి తగిలింది. అమ్మయ్య అనుకుంది. తవ్వగా తవ్వగా అది కాలైంది. ఆమె ఎత్తును మించిన కాలు, మూడు వేళ్లు, కొడవళ్లలాంటి గోళ్లు! అయినా జంకలేదు. రాక్షసిదైతేనేం, కాలితే సున్నమే కదా అని ఒక గోరు విరగ్గొట్టి బట్టీలో వేసింది.

ఆ మధ్యాహ్నం బట్టీ పక్కనే కునుకు పట్టింది. కలలో ఒక మహాపక్షి, కూర్చున్న చోటు నుంచే తాటిచెట్టంత మెడ ఎత్తి, "నా కింద ఏముందో చూసి, అప్పుడు గడ్డపార ఎత్తు" అన్నది.

కొంరవ్వ దిగ్గున లేచి చేతులతోనే మట్టి తీసింది. పొట్ట కింద సొరకాయలంత గుడ్లు, గుండ్రంగా పేర్చినట్టు. వాటి మీద చాచిన రెక్కల ఎముకలు. పైనంతా వరద తెచ్చిన ఇసుక. "నీ గోరు మంటల ఏస్తినే తల్లీ!" అని నెత్తి కొట్టుకుని ఏడ్చింది. ఇక గడ్డపార ముట్టలేదు.

మృగశిర వచ్చింది. గడిలో ఒక గోడ మిగిలిపోయింది. దొర మండిపడుతూ గుట్టకే వచ్చి, "రాయి ఎదురుంగ పెట్టుకొని లేదంటవా? తవ్వు!" అన్నాడు.

కొంరవ్వ గుంటకు అడ్డంగా నిలబడింది. "నీ కాల్మొక్త దొరా. ఇసుక మీద పడ్తున్నా ఈ తల్లి గుడ్లిడిసి లేవలే. నేనెట్ల లేపాలె? బట్టీ కూలగొట్టు, నేనే ఊరిడిసి పోత."

దొర గుంటలోకి దిగి, ఒక్కో గుడ్డూ చూస్తూ చుట్టూ తిరిగాడు. చెప్పులు విడిచాడు. "ఒక్క గోడకు సున్నం లేకుంటే గడి కూలదు తియ్" అన్నాడు. పక్షి మీద కప్పు వేయించి, పూజ కొంరవ్వకే అప్పగించాడు.

ఆ మధ్య పట్నం శాస్త్రవేత్తలు వారం రోజులు కొలతలు తీసి, ఇది క్రెటేషియస్ కాలపు పక్షిలాంటి డైనోసార్ అనీ, కోట్ల ఏళ్ల కిందట పొదుగుతూనే ఇసుకలో కూరుకుపోయిందనీ తేల్చారు. కొంరవ్వ వంశపు పూజారిణి విని, "మా అవ్వ ఒక్క పూటల చెప్పింది సారూ" అని నవ్వి, వాళ్లకూ సున్నం లేని తాంబూలమే ఇచ్చింది.

నేటికీ నిండు చూలాళ్లు వచ్చి, విరిగిన ఆ గోటి చోట మెత్తగా పసుపు అద్దుతారు. నొప్పి పుట్టిన చోటు కదా, గట్టిగా తాకరు. అలా అద్దిన తల్లి ఒడిలో బిడ్డ చల్లగా ఉంటుందని ఈ గుట్ట నమ్మకం.