బురుజు కంతలు

నేను ఇదివరకు ఉత్తరం ముక్క కూడా రాసినదాన్ని కాను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాకున్నది ఒక్కటే జొన్నచేను. దాని నడుమ పాత బురుజు ఉంది. కప్పు ఎప్పుడో కూలింది, నాలుగు గోడలే మిగిలాయి. ఒకనాడు, చేనుకు ఎదురుగా కోటలాంటి గడిలో ఉండే ముకుందరావు దొర ఊరి పెద్దలను వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఏమే బుచ్చవ్వా, ఈ బురుజు మా ముత్తాత కట్టించాడు. చేను ఖాళీ చెయ్యి."

బురుజు ఎవరిదైతే చుట్టూ భూమి వాళ్లదేనని మా ఊరి కట్టు. పెద్దలు తలలు దించుకున్నారు. చేను పోతే పిల్లలకు గంజి కూడా ఉండదు. నేను బురుజు వైపు చెయ్యి చూపించి అన్నాను.

"దొరా, ఒక్కసారి లోపలికొచ్చి ఈ కంతలోంచి చూడండి."

అవి పూర్వం బాణాలు వెయ్యడానికి గోడలో వదిలిన కంతలు. దొర వంగి చూశాడు.

"ఏముంది? ఏడు తరాల మా గడి వాకిలి!"

"ఆ పక్క దాంట్లోంచి?"

"మా గడి మేడే."

"మిగతా మూడు గోడలకు కంతల్లేవు దొరా. ముత్తాతగారు సొంతింటి మీదికే బాణాలు గురిపెట్టుకున్నారా?"

దొర మొహం నల్లబడింది. "మరి ఎవరు కట్టారే?"

"ఎవరు కట్టారో నాకు తెలియదు. ఎవరికి భయపడి కట్టారో మాత్రం తెలుస్తోంది."

ఎవరూ నవ్వలేదు. అందరికంటే పెద్దాయన మెల్లగా, "చేను బుచ్చవ్వదే" అన్నాడు. దొర వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఎర్రమన్ను తొక్కి, ఆ కంతలు కూలిపోకుండా వాటి చుట్టూ వదులైన రాళ్ల సందుల్లో గట్టిగా మెత్తాను.