మంచులో ఆగిన జీపు

రోజూ పూలెక్కించుకుని సంతకెళ్ళే జీపు ఆగకుండా వెళ్ళిపోయింది. రోడ్డు పక్కన గంపల నిండా చామంతులు అలాగే మిగిలిపోయాయి. మంచు అంత దట్టంగా ఉంటే డ్రైవరుకి గంపలెలా కనపడతాయి? పూలు సంతకి చేరితేనే ఈ చలికాలం ఇంట్లోకి కొత్త దుప్పట్లు. ఉన్నవన్నీ చిల్లులే.

అయినా రత్నాలమ్మ కంగారు పడలేదు. ఆ కొండకింద పల్లెలో తెలివంతా తన ఇంట్లోనే ఉందని ఆమె నమ్మకం. మొగుడు సన్యాసయ్యదీ, మరిది గవర్రాజుదీ అదే నమ్మకం. ఊళ్ళో మిగతావాళ్ళకే ఎందుకో ఆ సంగతి తెలీదు.

తిన్నగా బడి పంతులమ్మ దగ్గరికి వెళ్ళి, "ఈ మంచెందుకు పడుతోందమ్మా?" అని అడిగింది.

"మబ్బు లేని రాత్రి నేల తన వేడి పైకి వదిలేసి చల్లబడిపోతుంది. దాని మీది తడిగాలి కూడా చల్లబడి మంచవుతుంది. మబ్బు పట్టిందనుకో, నేలకి దుప్పటి కప్పినట్టే, అంత చల్లబడదు. గాలి గట్టిగా వీచినా, పొద్దెక్కి నేల వెచ్చబడినా మంచు విడిపోతుంది," అంది పంతులమ్మ.

ఇంకేముంది! ఆ సాయంత్రం ఇంట్లో దుప్పట్లన్నీ మోసుకెళ్ళి రోడ్డు పక్కన నేలకి కప్పేశారు. చలి దూరకుండా అంచులు కూడా లోపలికి మడిచారు. వాళ్ళు మాత్రం గోనెసంచులు కప్పుకుని పడుకున్నారు.

తెల్లారి చూస్తే దుప్పట్లు తడిసి ముద్దయ్యాయి. మంచు నిన్నటికంటే ఎక్కువుంది.

"పాపం, నేలకి చలి ఆగినట్టు లేదొదినా," అన్నాడు గవర్రాజు.

"అయితే వేన్నీళ్ళు పొయ్యండి!"

అంతే. కాగులకొద్దీ నీళ్ళు మరగబెట్టి నేలకి తలంటు పోసినట్టు పోశారు. గుప్పున ఆవిరి లేచింది. అప్పటిదాకా గంపలే కనపడేవి కావు, ఇప్పుడు సన్యాసయ్య కూడా కనపడటం మానేశాడు.

"ఏమే, నేనెక్కడున్నాను?" అని కేకేశాడు.

"నాకేం తెలుసు? ఎండొచ్చాక చూసి చెప్తా. గవర్రాజూ, చేటలు తేరా! ఇంక గాలే గతి."

ముగ్గురూ చేటలు పట్టుకుని మంచుని విసురుకుంటూ, విసురుకుంటూ నడిరోడ్డు మీదికొచ్చేశారు. కీచుమని బ్రేకు పడింది.

"రోడ్డు మీద ఈ చెరుగుడేంటర్రా! చచ్చేవాళ్ళు!" అని అరిచాడు డ్రైవరు. "సరే, ఎలాగూ ఆగాను. పూలెక్కించండి, తొందరగా!"

సన్యాసయ్య గంప ఎత్తబోయాడు. రత్నాలమ్మ చెయ్యి పట్టి ఆపింది.

"ఆగయ్యా. మంచులో మన జీపు ఆగుతుందా?"

"ఆగదు."

"మరి ఇది ఆగిందా?"

"ఆగింది."

"అంటే ఇది మన జీపు కాదు."

"గొంతు మనవాడిదిలాగే ఉందొదినా," అన్నాడు గవర్రాజు.

"గొంతుకేం, మంచులో ఎవడిదైనా వినపడుతుంది. వెళ్ళు నాయనా, మా జీపొస్తుంది."

డ్రైవరు తల కొట్టుకుని వెళ్ళిపోయాడు. కాసేపటికి ఎండెక్కింది, మంచు విడిపోయింది. కొండ మలుపుదాకా రోడ్డంతా ఖాళీ.

"చూశారా! జీపు లేకపోవడం ఎంత బాగా కనపడుతోందో!" అంది రత్నాలమ్మ మురిసిపోతూ.

మంచులో ఆగిన జీపుకి పువ్వు కూడా ఇవ్వకూడదని ఆమె అక్కడే తీర్మానించుకుంది. చలికాలమంతా ఆ డ్రైవరు జాలిపడి రోజూ ఆపి హారన్ కొట్టేవాడు. గోనెసంచి కప్పుకుని వణుకుతూ ఆమె రోజూ వెళ్ళిపొమ్మనేది. మాట తప్పలేదు.