ఊదా కుచ్చుల షోకు

విశాఖపట్నంలో ఇందుమతి టీచరు గారి ముందుగదిలో నాలుగడుగుల గాజు తొట్టె ఉంది. అందులో ఉప్పునీళ్లు, రాళ్లు, రాళ్ల మీద బతికున్న పగడాలు. ఎడమ మూల మీసాల రొయ్య సెలూన్ నడుపుతాడు. చేపలు వరసగా వచ్చి నోరు తెరిస్తే లోపల దూరి శుభ్రం చేయడం అతని వృత్తి. నోరు తెరిచినవాళ్లు జవాబు చెప్పలేరు కాబట్టి అక్కడ మాట్లాడేది ఎక్కువగా అతనే.

ఆ బుధవారం మాత్రం చారల చేప నోరు మూసుకుని మరీ మాట్లాడింది. తొట్టెకి ఆవిడే పెద్ద.

"నారింజ పగడానికి మళ్లీ మూడు గుండీలు పోయాయి. పక్కనే ఎవరున్నారో తెలుసా? వెంట్రుకల పురుగు."

గుండీలంటే పగడం మీద పూలలా విచ్చుకునే బొడిపెలు. ఒక్కోటి చొక్కా గుండీ అంత ఉంటుంది.

"వాడు చచ్చినదే తింటాడక్కా. బతికినదాని జోలికి పోడు," అన్నాడు రొయ్య.

"వాడి మొహం చూశావా?"

"చూశాను. మొహం చూసి పట్టుకునేటట్టయితే ముందు నన్నే పట్టుకోవాలి."

రాతి కంతలోంచి పురుగు తల బయటపెట్టాడు. "మామా, టీచరమ్మ పొద్దున నన్ను భూతద్దంలో చూసింది. ఆదివారం పట్టకారుతో లాగి పారేస్తానంది. రాలిన ముక్కలు ఊడవడం తప్ప నేనేం చేశాను?"

"అబద్ధం," అంది చేప. "నువ్వు తింటుంటే కుచ్చుల నత్త కళ్లారా చూసిందట."

ఈ కుచ్చుల నత్త నెల క్రితం ఒక కొత్త రాయి అడుగున అతుక్కుని వచ్చింది. గుల్ల లేదు, వీపంతా సన్నని కుచ్చులు. నాచు తప్ప మరేదీ ముట్టనని అందరికీ చెప్పుకుంది. నాచు పచ్చగా ఉంటుంది. ఆమె కుచ్చులు మాత్రం అచ్చం పోయిన గుండీల నారింజ. ఆ పగడం మీద కూర్చుంటే భూతద్దానికి కూడా ఆనదు. పళ్ల సందుల్లో నలుసులు వెతికే రొయ్యకి ఆ రంగు ఆనింది.

అతను ముందు ఊదా పగడం దగ్గరికి వెళ్లాడు.

"రెండు గుండీలు వదులుకోగలవా?"

"ఎందుకు?"

"మిగతావి దక్కడానికి."

పగడం తన గుండీలు లెక్కపెట్టుకుంది. "రెండే. మూడోది పోయిందా, నీ మీసం నాది."

అక్కణ్ణుంచి నత్త దగ్గరికి వెళ్లి నిట్టూర్చాడు.

"అంతా బాగుందమ్మా, ఈ నారింజే..."

"నారింజకేం?"

"ఏం లేదు. ఆదివారం టీచరమ్మ ఫొటోలు తీస్తుందట. అద్దం దగ్గరున్నది నారింజ పగడం. దాని మీద నారింజ నువ్వు. ఎవరికి కనబడతావు? అదే ఊదా అయితేనా..."

"నాకు ఊదా నప్పుతుందంటావా?"

"సెలూన్ పెట్టినవాణ్ణి, నాకు తెలీదా? అయినా పుట్టుకతో వచ్చిన రంగు మారుతుందా, పాపం."

"పుట్టుకతో ఎవరికొచ్చింది?" నత్త నవ్వింది. "నాకు మూడు రోజులు చాలు. ఏం తింటే ఆ..." అంతలోనే నాలుక కరుచుకుంది. "అదే, ఊదా నాచు ఎక్కడో చూశాలే."

రొయ్య ఏమీ విననట్టు మీసం దువ్వుకున్నాడు.

ఆదివారం నత్త అద్దం పక్కన నారింజ పగడమెక్కి, ఊదా కుచ్చులు విప్పుకుని కూర్చుంది. పురుగుని లాగేయడం కూడా అక్కణ్ణుంచి బాగా కనిపిస్తుంది. టీచరు గారు పట్టకారు నీళ్లలోకి దించారు. పురుగు ముడుచుకుపోయాడు. పట్టకారు అతని కంత దాకా వచ్చి ఆగింది.

"నారింజ మీద ఈ ఊదా ఏమిటి?"

భూతద్దం దగ్గరికొచ్చింది. కుచ్చులు కదిలాయి. వాటి కింద నత్త పెట్టిన గుడ్ల చుట్ట తెల్లగా బయటపడింది. టీచరు గారు ఊదా పగడం వైపు చూశారు, గుండీలు ఊడిన చోటు చూశారు, పట్టకారు ఇటు తిప్పారు.

"మరి కళ్లారా చూశానంది కదా?" అంది చారల చేప, నత్త పైకి వెళ్తుంటే.

"చూసే ఉంటుందక్కా. తింటున్నది తనే కదా. నోరు తెరువు."

ఊదా పగడానికి పోయినవి మూడు గుండీలు. రొయ్య ఆ వారమంతా అటువైపు వెళ్లలేదు.

నత్త ఇప్పుడు కిటికీ దగ్గర గాజు గ్లాసులో ఉంది. అందులో గుండీలు లేవు. నాలుగో రోజుకి ఆమె కుచ్చులు తెల్లబడ్డాయి.

నీతి: నష్టం జరిగిన చోట కనిపించినవాడి కంటే ముందు, ఆ నష్టం రంగు ఒంటికి అంటినవాణ్ణి చూడాలి.