ట్యాంకు నింపి తేవద్దు

పరాంకుశం గారిని ఎవరు ఏం అడిగినా, ముందు చేతులు తుడుచుకునేవారు. ఇంజన్ల పని చేసే మనిషి కాబట్టి దానికి కొంత సేపు పట్టేది. ఆలోగా అడిగినవాళ్లకు తమ ప్రశ్న తమకే ఇంకోసారి వినబడేదనుకుంటాను. విజయనగరం దాటాక నెల్లిమర్ల రోడ్డులో ఉండేది ఆయన షెడ్డు. పగలు కార్లు, శనివారం సాయంత్రం భగవద్గీత. ఇంజను నేర్చుకునేవాళ్లకూ, గీత నేర్చుకునేవాళ్లకూ కూడా ఆయన గురువుగారే.

మా కనకవల్లి పిన్ని గీతకు వెళ్లేది. ఆమె కూతురు చారుమతి ఇంజన్లకు వెళ్లేది. ఒకే గురువు దగ్గర చేరిన ఆ తల్లీకూతుళ్లు ఇంట్లో మాత్రం మాటలు మానుకున్నారు.

కారణం ఆ కారే. మా బాబాయి పోయాక ఆయన వాడిన పాత కారును చారు తన చేతిలోకి తీసుకుంది. ఇంజనుకు జోరు పెంచే టర్బో బిగించింది. పాత ట్యాంకు పీకేసి, డిక్కీలో అల్యూమినియం ట్యాంకు కూర్చోబెట్టింది. కొండదారి పోటీలకు పేరిచ్చింది. అంతా కుదిరిందనుకున్న వేళ బండికి కొత్త జబ్బు పట్టుకుంది. ఎత్తు ఎక్కుతూ జోరందుకున్నాక, పెట్రోలు ప్రెషరు చూపించే ముల్లు మెల్లగా కిందికి జారేది. ఇంజను దగ్గేది. అంత వేడిలో పెట్రోలు చాలకపోతే పిస్టన్లు కరిగిపోతాయట. మొన్నటికి మొన్న ఘాట్‌లో లారీని దాటుతుండగా బండి చేతులెత్తేసింది. దేవుడి దయ, పిల్ల పక్కకు లాక్కోగలిగింది. ఆ రోజు పిన్ని కూతురి చెయ్యి తన తలమీద పెట్టుకుని, "ఆదివారం పోటీలోపు ఇది బాగుపడకపోతే అమ్మేస్తానని నా మీద ఒట్టు వెయ్యి" అంది. చారు వేసింది. ఒట్టు వేసిన నోటితో మళ్లీ తల్లిని పలకరించలేదు.

శనివారం పొద్దున్నే పిన్ని నన్ను వెంటబెట్టుకుని షెడ్డుకు వెళ్లింది. గురువుగారు ఏదో గేరుబాక్సు విప్పుతున్నారు.

"గురువుగారూ, నా పూజలో ఏం లోటుందో చెప్పండి" అంది పిన్ని. "దీపం పెట్టినప్పుడల్లా దాని పేరే తలుచుకుంటాను. అది బయటికి వెళ్తే తిరిగొచ్చేదాకా మంచినీళ్లు ముట్టను. ఎక్కడున్నావే, ఎక్కడున్నావే అని ఫోను చేస్తూనే ఉంటాను. శుక్రవారం నాడు దాని కారుకు కూడా పసుపు రాసి బొట్టు పెడతాను. ఇంత చేసినా, నా దగ్గరికొచ్చేసరికి ఆ పిల్ల మొహం వాడిపోతుంది. ఎందుకలా?"

చేతులు తుడుచుకుంటున్న గురువుగారు మధ్యలో ఆగారు.

"పాప ఎక్కడుంది?"

"ఘాట్ వైపు వెళ్లిందండీ. కారును మీకు ఆఖరుసారి చూపించి అమ్మకానికి పెడుతుందట."

ఆయన ఫోను తీశారు. "చారూ, వచ్చేటప్పుడు పెట్రోలు పోయించకు. ట్యాంకు మూత అసలు ముట్టుకోకు. ఆ దగ్గుతోనే నేరుగా రా."

అవతల చారు గొంతు మాకూ వినబడింది. "సగమే ఉంది గురువుగారూ. అలా తేవడానికి నాకు సిగ్గుగా ఉంటుంది."

"సిగ్గు దారిలో దింపేసి రా."

ఈ సిగ్గు మా ఇంటి అలవాటు. పెద్దల దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్లకూడదని అందరూ అంటారు. మా బాబాయి దానికి ట్యాంకును కూడా చేర్చాడు. బాగుచేసే మనిషికి బండి అప్పగిస్తే నిండు ట్యాంకుతో అప్పగించాలి, నడిపి చూడడానికి ఆయన పెట్రోలు పోయకూడదు అనేవాడు. అందుకని చారు ఎప్పుడు షెడ్డుకు వచ్చినా మలుపులో ఉన్న బంకులో ట్యాంకు నింపుకునే వచ్చేది. తీరా వచ్చాక, ఆ కారు పెళ్లిచూపులకు కూర్చున్న పిల్లలా ఏ వంకా లేకుండా నిలబడేది. గురువుగారు ఆ రోడ్డులో అటూ ఇటూ నడిపి చూసినా ముల్లు కదిలేది కాదు. అయినా పిల్ల మాట నమ్మి ఫిల్టరు మార్చారు, పంపుకు వెళ్లే వైర్లు మార్చారు, చివరికి పంపే పెద్దది పెట్టారు. కొండెక్కితే మళ్లీ అదే దగ్గు.

కారు వచ్చింది. గేటు దగ్గరే రెండుసార్లు ఉలిక్కిపడి, ఈడ్చుకుంటూ వచ్చి ఆగింది. చారు దిగింది. తల్లిని చూసి చూపు తిప్పుకుంది. గురువుగారు ఇంజను ఆపించారు. ముందు బానెట్టు ఎత్తుతారనుకున్నాం. ఆయన వెనక్కి వెళ్లి డిక్కీ తీసి, ట్యాంకు మీద అరచెయ్యి ఆనించారు. దాని పక్కలు రెండూ, బుగ్గలు లోపలికి పీల్చుకున్నట్టు సొట్టపోయి ఉన్నాయి.

"అమ్మా, ఇలా రా. ఈ మూత నువ్వే తిప్పు."

పిన్ని భయపడుతూనే తిప్పింది. ఉస్సుమంటూ పెద్ద శబ్దం. గాలి లోపలికి దూసుకుపోయింది. సొట్టలు టప్పుమని పొంగి ట్యాంకు మునుపటిలా అయింది. ఎంతోసేపు ఊపిరి బిగబట్టుకున్న మనిషి ఒక్కసారి గుండెనిండా పీల్చుకున్నట్టు అనిపించింది నాకు.

ఆయన ఆ మూతను వెలుతురులో పెట్టి చూపించారు. పైన దట్టంగా పసుపు. శుక్రవారం మీద శుక్రవారం పొరలుపొరలుగా రాసిన పసుపు, గంధం, సరిగ్గా నడిమధ్యన కుంకుమ బొట్టు.

"నీ పిన్నీసు ఇటివ్వమ్మా" అని అడిగి తీసుకుని, ఆ బొట్టు మధ్యలో గుచ్చారు. ఎండిన పసుపు పెళ్లలుగా ఊడింది. కింద ఆవగింజంత చిల్లు.

"పెట్రోలు బయటికి వెళ్లాలంటే, వెళ్లినంత మేరా గాలి లోపలికి రావాలి. ఈ చిల్లు అందుకే. ఇది మూసుకుపోతే ఎంత పెద్ద పంపైనా లాగలేక అలిసిపోతుంది. బంకులో కుర్రాడు మూత తీయగానే గాలి పీల్చుకునేది, నా దగ్గరికి ఆరోగ్యంగా వచ్చేది. నేను బానెట్టు కింద వెతుక్కుంటూ కూర్చున్నాను."

పిన్ని చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పెట్రోలే కదా దాని ప్రాణం అని... కలశానికి రాసినట్టు రాశానండీ. నా చేతులతో నేనే..." లారీ సంగతి గుర్తొచ్చిందేమో, అక్కడున్న టైరు మీద కూలబడింది.

చారు ఆమె ముందు గొంతుక్కూర్చుంది. "కారంతా విప్పి కడిగానే అమ్మా. నట్టునట్టునా కడిగాను. ఆ మూత ఒక్కటీ వదిలేశాను. నువ్వు పెట్టిన బొట్టు తుడిస్తే బాధపడతావని."

"తుడిచేయకపోయావా పిచ్చిదానా!"

"తుడిస్తే ఊరుకునేదానివా? ఈపాటికి నాకు దిష్టి తీసి గుమ్మడికాయ కొట్టేదానివి. పిస్టన్లకు బొట్లు పెట్టలేదు, అదే పదివేలు."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. పిన్నికి నవ్వుతోపాటు ఏడుపు కూడా వచ్చేసింది.

మూత కడిగి బిగించాక చారు కారును కొండదాకా తోలుకెళ్లింది. కారు కనుమరుగు కాగానే పిన్ని చెయ్యి అలవాటుగా సంచిలో ఫోను కోసం వెళ్లింది. కాసేపు అక్కడే ఉండి ఒట్టి చెయ్యి బయటికి వచ్చింది. కారు తిరిగొచ్చిన చప్పుడులో దగ్గు లేదు. చారు తల బయటపెట్టి, "ముల్లు మేకు కొట్టినట్టు నిలబడింది గురువుగారూ!" అని అరిచింది. దిగి నేరుగా కుండ దగ్గరికి వెళ్లి, గ్లాసుతో నీళ్లు ముంచి తెచ్చి తల్లికిచ్చింది.

"తాగు. పొద్దున్నుంచీ ముట్టి ఉండవు, నాకు తెలుసు. రేపు నేను కొండెక్కుతున్నప్పుడు కూడా తాగు."

పిన్ని గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకుంది. ఒట్టు ఊసు ఇద్దరూ ఎత్తలేదు. బయల్దేరబోతూ పిన్ని గుమ్మం దగ్గర ఆగి, చిన్న గొంతుతో అడిగింది.

"అయితే గురువుగారూ, ఇకమీదట పసుపు రాయడం మానేయమంటారా?"

పరాంకుశం గారు చేతులు తుడుచుకున్నారు. ఈసారి అట్టే సేపు పట్టలేదు.

"ఎందుకమ్మా మానడం? రాయి. చిల్లు వదిలి రాయి."