ఓబులమ్మ పూచీ

బహుధాన్య నామ సంవత్సరం, వడగాలి కాలం. ఏ రాజు నాటి బహుధాన్య అని అడగొద్దు. అరవై ఏళ్ళకొకటి వస్తుంది, అందులో ఒకటి.

కొండమీద చెరసాల. కొండకింద ఊరు. నడిమధ్యన ఓబులమ్మ గుడిసె. మొగుడు పోయినాక మట్టిగోడలు పెట్టి బతికేది.

చెర విడిచి దిగేవాళ్ళ కాళ్ళకు ఇనుము ఉండేది కాదు. సంకెళ్ళ చప్పుడు మాత్రం ఉండేది. మిట్టమధ్యాహ్నం, గాలి నిలిచిన వేళ, ఘల్... ఘల్... ఘల్. అది వినపడగానే ఊళ్ళో తలుపులు పడేవి. నీళ్ళడిగితే పలకరు. పనడిగితే పలకరు. పేరు చెప్పినా పలకరు. ఆకలికి ఆ దిగినవాడు ఏ కోడినో పట్టేవాడు. మళ్ళీ కొండెక్కేవాడు.

చౌడప్ప అట్లా రెండుసార్లు దిగాడు, రెండుసార్లు ఎక్కాడు. ఇది మూడో దిగుడు. మళ్ళీ ఎక్కితే ఇక దింపరు, అది కొండమీది కట్టడి. ఊళ్ళో వాడి పెండ్లాం నాగక్క ఉంది. ఆ రెండుసార్లూ ఆమె కూడా తలుపు తీయలేదు.

"ఏమబ్బీ, యాడికి?" అంది ఓబులమ్మ.

"ఇంటికి."

"ఆ కాళ్ళతోనా? నీకంటే ముందు నీ చప్పుడు పోతుంది. రా, మట్టి తొక్కు."

"నేను దొంగను, అవ్వా."

"నా కొంపలో ఏముందిరా? చీపురు ఎత్తుకపోతావా?"

చౌడప్ప మట్టి తొక్కాడు. గుడిసె ముందు కొత్త గోడకు ఒక వరస పెట్టారు. వరస ఎండితేగాని పై వరస పెట్టరు, పెడితే గోడ కూలుతుంది. మొదటి వరస ఎండింది, చప్పుడు సగమైంది. రెండో వరస ఎండింది, చప్పుడు గజ్జెంతైంది. గోడకు చెవి పెడితే మాత్రం లోపల ఎవరో నడుస్తున్నట్టుండేది.

మూడో వరస పచ్చిగా ఉండగా ఊరిపెద్ద కర్రలవాళ్ళతో వచ్చాడు.

"గొర్రె పోయింది. వీణ్ణి పంపు."

"పచ్చి గోడను, పచ్చి మనిషిని కదిలించకూడదు. గొర్రెను వాగులో వెతుక్కో పో."

"రేపు వీడు మళ్ళీ తప్పుచేస్తే?"

"నా కాళ్ళు పూచీ."

గొర్రె వాగులోనే దొరికింది. మూడో వరస ఎండింది. చౌడప్ప మిట్టమధ్యాహ్నం ఊళ్ళోకి నడిచాడు. చప్పుడు లేదు. నాగక్క తలుపు తీసి చూసింది.

"చిక్కిపోయినావే," అని చెంబు అందించింది.

అప్పుడు వాడి వెనక, కొండదారిలో, ఘల్... ఘల్... ఘల్.

ఓబులమ్మ వస్తోంది. కాళ్ళకు ఏమీ లేదు. అడుగులు మాత్రం జానెడు జానెడు పడుతున్నాయి.

"నీ చప్పుడును మట్టి మోస్తుందనుకున్నా," అంది. "పూచీ పడినోళ్ళే మోయాలంట."

మొదట తలుపు వేసింది ఊరిపెద్ద. తర్వాత అందరూ వేశారు. చౌడప్ప ఒక్కడే వీధిలో మిగిలాడు. ఆమె వాణ్ణి చూసి, వెంట రావద్దని తల అడ్డంగా ఊపి, వెనక్కి తిరిగింది. గుడిసె ముందు మళ్ళీ మట్టి తడిపింది, వచ్చేవాళ్ళ కోసం.

ఇప్పటికీ ఆ పక్క చెర విడిచి వచ్చినవాడితో ముందు మట్టి తొక్కిస్తారు. మూడు వరసలు ఎండేదాకా ఏం చేశావని అడగరు. మధ్యాహ్నం ఘల్లుమంటే తలుపు వేయరు. గడప బయట చెంబు పెట్టి "ఓబులమ్మ పూచీ" అంటారు. నమ్మనివాళ్ళు పోయి ఆ గోడకు చెవి పెట్టి రండి.

పంతొమ్మిది మంది ఆ గుడిసెలో ఆగి ఊరు చేరారు. ఒక్కడూ మళ్ళీ కొండెక్కలేదు. ఓబులమ్మ బతికుండగా మళ్ళీ ఊళ్ళో ఏ గడపా దాటలేదు.