జామచెట్టు ఎవరి పేరూ ఉంచుకోదు

ఒకప్పుడు జామచెట్టు బెరడు మందంగా, గరుకుగా ఉండేది. ఒక్క పొర కూడా రాలేది కాదు. ఈ కథలో ముందుది వెనక, వెనకది ముందు చెబుతానేమో. చెట్టు అన్న మాటలు మాత్రం తప్పిపోవు. అంత కోపంగా అంది మరి.

ఆ చెట్టు కొండ దిగువ పల్లెలో, గవరమ్మ పెరట్లో ఉండేది. ఆ ఊళ్లో ఒక ఆచారం. ఎవరింట బారసాల జరిగినా, చెట్టు దగ్గరికి వచ్చి ఒక కొమ్మ ఎంచుకుని, దాని మీద బిడ్డ పేరు కత్తితో గీసేవారు. ఇక ఆ కొమ్మ ఆ బిడ్డది. దాన్ని కోస్తే బిడ్డకి గండమని నమ్మకం.

బిడ్డలు పుడుతూనే ఉన్నారు. కొమ్మలు పెరుగుతూనే ఉన్నాయి. ఎర్రయ్య కొమ్మ సోములు కొమ్మ మెడమీద ఎక్కి కూర్చుంది. అంకాలు కొమ్మ నేలకి వాలి కోళ్లకి గూడయింది. నడిమధ్యలో గవరమ్మ కొమ్మ దూలంలా అడ్డం పడుకుంది. లోపలికి ఎండ రాదు, గాలి దూరదు. పడ్డ పిందె పడ్డట్టే కుళ్లిపోయేది.

ఒకరోజు గవరమ్మ మరిది జోగినాయుడు గొడ్డలి భుజాన వేసుకుని వచ్చాడు.

"వదినా, కాయని చెట్టుకి ఇంత చోటెందుకు? మొదలంటా కొట్టేద్దాం. పొయ్యిలోకైనా పనికొస్తుంది."

చెట్టుకి ఒళ్లు మండిపోయింది. "ఎండుపుల్ల ఒక్కటి తియ్యమంటే గండం అన్నారు. నన్ను మొదలంటా నరికితే ఎవరికీ గండం లేదా?"

"మొదలు మీద ఎవరి పేరూ లేదుగా," అన్నాడు జోగినాయుడు తాపీగా.

ఆ మాటకి గవరమ్మ చేతిలో చీపురు కిందపడింది. "జోగీ, ఊరందరి పేర్లూ మొయ్యడానికి పనికొచ్చిన చెట్టు, బతకడానికి పనికిరాలేదా? సిగ్గుండక్కర్లేదా?"

పైనుంచి సూర్యుడు కూడా అందుకున్నాడు. "నన్నేమీ అనకండి. నేను రోజూ వస్తూనే ఉన్నాను. తలుపులన్నీ మూసుకుని ఇల్లు చీకటిగా ఉందంటే నేనేం చెయ్యను? ఆ నడుమ అడ్డం పడుకున్నది ఎవరి కొమ్మ?"

"నాదే," అంది గవరమ్మ.

ఆమెకీ గండం భయం ఉంది. అయినా చూరులో దోపిన రంపం తీసింది.

"మోడు మిగల్చకు గవరా," అంది చెట్టు. "ముందు కింద కొంచెం కొయ్యి, తరవాత పైనుంచి దించు. లేకపోతే నా బెరడు చీలిపోతుంది."

గవరమ్మ ఎప్పుడు పడిపోతుందా అని ఊరంతా చుట్టూ చేరింది. అంకాలు తల్లి పసుపునీళ్లతో సిద్ధంగా నిలబడింది. కొమ్మ ఫెళ్లున పడింది. గవరమ్మ పడలేదు. అరుగు మీద కూర్చుని అంబలి అడిగి తాగింది. ఇంకో గిన్నె పొయ్యమంది.

సూర్యుడు చెట్టు నడుమకి దిగాడు. అక్కడి ఆకులు ఎండని చూడడం అదే మొదలు.

వానలు పడ్డాయి. కోసినచోట ఎర్రటి చిగురు వచ్చింది. చిగురు సందున తెల్లటి పూలు. పూల వెనకే పిందెలు.

అంతే, మొదలు నరుకుదామన్న జోగినాయుడే చిన్న కత్తి పట్టుకుని ముందుగా వచ్చాడు. "వదినా, ఆ చిగురు మా మనవరాలికి. పేరు గీసుకుపోతాను."

"గీస్తావా?" అంది చెట్టు. "పొయ్యిలో పెడతానన్న నోటితోనే అడుగుతున్నావా? నీ గొడ్డలి ఇంకా భుజాన ఉన్నట్టే ఉంది నాకు."

ఒక్కసారి ఒళ్లు విదిల్చింది. మందపాటి బెరడంతా పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. దానితోపాటు పేర్లన్నీ రాలిపోయాయి.

"ఇక ఎవరి పేరూ మొయ్యను. నా నడుమకి వెలుతురు రానిచ్చినవాళ్లకి కొత్త చిగురు మీద కాస్తాను. ముసలి కొమ్మలు పట్టుకుని వేలాడేవాళ్లకి ఆకులే."

గవరమ్మ నున్నటి కొమ్మని తడిమింది. చేతికి చల్లగా తగిలింది. పేరు ఎక్కడా తగల్లేదు. ఆమె రంపం తీసుకుని ఎర్రయ్య కొమ్మ వైపు నడిచింది. ఈసారి ఎవరూ అడ్డురాలేదు.

అప్పటినుంచే జామచెట్టు బెరడు పొరలు పొరలుగా రాల్చేసుకుంటుంది. ఎవరేం గీసినా ఉంచుకోదు. పూత మాత్రం కొత్త చిగురు మీదే పూస్తుంది.

ఎర్రయ్య, సోములు, అంకాలు, ఇవేననుకుంటాను ఆ పేర్లు. చెట్టు కావాలని వదిలేసుకుంది, నేను వదులుకోలేను. చెల్లీ రత్తాలూ, అమ్మ మనకి ఈ కథ చెప్పినప్పుడు నువ్వూ పక్కనే ఉన్నావు. సరిగ్గా రాశానో లేదో ఒకసారి చూసి చెప్పు.