తామరకు తాగే మందు

"దురద నడుముకైతే మందు నోటికా? పొద్దుగూకేలోగా ఈ వైద్యుణ్ణి పొలిమేర దాటించండి" అన్నాడు మాణిక్యగిరి రాజు గజభూపతి, బరబరా నడుము గోక్కుంటూ.

ఆ కొలువులో ఒక మర్యాద ఉంది. రాజుగారు ఏం చేస్తే అందరూ అదే చేయాలి. మంత్రులూ, దండనాయకులూ, పాపం పక్క రాజ్యపు రాయబారి కూడా గోక్కున్నారు.

రాజుగారి నడుము చుట్టూ తామర పాకింది. లేపనాల అధికారి దేవరుసు పూయని పూత లేదు. పూసినన్నాళ్లూ తగ్గేది, మానగానే మళ్లీ లేచేది. చివరికి వైద్యుడు వల్లభయ్య వచ్చి, ఇది చర్మంలో పాతుకుపోయింది, లోపలికి మందు పుచ్చుకోవాల్సిందే అని చేదు కషాయం తెచ్చాడు. దానికే ఈ శిక్ష.

కొలువులో బయ్యన అనే మాటకారి ఉన్నాడు. వల్లభయ్య అతని చిన్ననాటి నేస్తం. రాజుగారితో వాదిస్తే తననూ వెంట పంపిస్తారు. అందుకని దేవరుసు వైపు తిరిగాడు.

"దేవరుసుగారూ, మీ ఒళ్లు చూస్తే కన్ను తిప్పుకోలేకపోతున్నాం. ఇంత నిగారింపు ఏ లేపంతో వచ్చిందో సెలవిస్తారా?"

తన ఒంటి మెరుపంటే దేవరుసుకు ప్రాణం. పొంగిపోయాడు.

"నాకు లేపాలు దేనికయ్యా? పొద్దున్నే ఇంత వెన్న, పడుకోబోయే ముందు బాదం పాలు. చిన్నప్పటి నుంచీ అంతే."

"వెన్న ఒంటికి రాసుకోరా?"

"రాసుకుంటే జిడ్డు. తింటేనే ఒంటికి పట్టేది" అన్నాడు దేవరుసు మీసం దువ్వుకుంటూ.

బయ్యన రాజుగారికి వంగి దండం పెట్టాడు.

"ప్రభూ, వీరి వెన్నకు నోట్లోంచి చర్మానికి దారి దొరికింది. వల్లభయ్య మందుకు దొరకదా?"

దేవరుసు మొహం మాడిపోయింది. రాజుగారు పకపకా నవ్వి, ముక్కు మూసుకుని కషాయం గటగటా తాగేశారు. వల్లభయ్యను ఆస్థానంలోనే ఉండమన్నారు. ఆ సంతోషంలో తన నడుముకున్న పట్టు దట్టీ విప్పి బయ్యనకు బహుమతిగా ఇవ్వబోయారు.

ఒకరు కట్టిన బట్ట ఇంకొకరు కడితే తామర అంటుకుంటుందని కొలువులో అందరికీ తెలుసు. రాజుగారిచ్చింది కాదనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

"నిజం చెప్పింది దేవరుసుగారు ప్రభూ. ఆ గౌరవం ఆయనదే. నాకు మీ ఉంగరం చాలు" అన్నాడు బయ్యన.

రాజుగారు ఉంగరం బయ్యనకిచ్చి, దట్టీని దేవరుసు నడుముకు స్వయంగా బిగించారు. కొలువంతా గొల్లుమంది. ఆ నవ్వులు ఆగకముందే దేవరుసు మెల్లగా వల్లభయ్య పక్కకు జరిగాడు.

"అయ్యా, ఆ కషాయం ఇంకో గిన్నెడు ఉంటుందా?"